వంకల మాస్టారికి నోరూరిన రోజులు

ఆ బజారులో కటింగ్ మాస్టారిని అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ లేరు. అందరికీ ఆయన వంకల మాస్టారు. ముఖం మీద అనేవాళ్లు కాదు గానీ ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసినా ఊరుకున్నారు. ఆయనకు వంక కనిపించనిది లోకంలో ఆ ఒక్క పేరులోనే.

బేకరీ పైన మేడ మీద ఆయన దర్జీ దుకాణం. కిటికీ పక్కన పొడుగాటి బల్ల, బల్ల మీద సుద్దముక్కలు, కత్తెర, ఆయన మెడలో టేపు. టేపు ఊరికే ఉండేది, కొలతలన్నీ కంటితోనే చెప్పేసేవారు. అడగకపోయినా చెప్పేవారు. కొత్తగా మెట్లెక్కి వచ్చినవాళ్లను పలకరించడానికి బదులు, "మీ ఎడమ భుజం కుడిదానికన్నా అరంగుళం దిగింది" అనేవారు. కొత్త ఇల్లు చూడమని పిలిచినవాళ్ల ఇంట్లో గోడ మూలన నిలబడి ఒక కన్ను మూసి, "ఊఁ" అనేవారు. ఆ "ఊఁ" విన్నాక ఇంటివాళ్లకు ఆ గోడ వైపు చూడబుద్ధయ్యేది కాదు. బొత్తాల కొట్టాయన పోయినప్పుడు అందరూ గొల్లుమంటుంటే, ఈయన మాత్రం శవం మీది దుప్పటి ఒక పక్కకు జారిందని సర్దారు. ఇంటికొచ్చాక భార్యతో, "ఎవడు కుట్టాడో గానీ, ఆ అంచు మడత వంకర" అన్నారు.

మనిషి చెడ్డవాడు కాదు. తాను కోసిన చొక్కానూ అలాగే చీల్చి చెండాడేవారు. నచ్చకపోతే విప్పించేవారు. ఆయన భార్య తమ్ముడే అక్కడ మిషన్ తొక్కేది. ఆ బావమరిది సగం జీవితం కుట్టడంలో, సగం జీవితం కుట్లు విప్పడంలో గడిచింది. ఇక "బాగుంది" అన్న మాట ఆయన నోట విన్నామన్నవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. ఆయన భార్య పెళ్లయిన కొత్తలో కొన్నాళ్లు ఆ మాట కోసం ఎదురుచూసి, తర్వాత వేరే పనుల్లో పడిపోయింది.

అలాంటి మనిషికి పార్కిన్సన్స్ వచ్చింది. మొదట కుడిచెయ్యి వణికింది. సుద్దగీత పాములా వెళ్తుంటే, గుడ్డ నాసిరకం అని తిట్టారు. తర్వాత అడుగులు చిన్నవయ్యాయి. కూతురు డ్రైవింగ్ స్కూల్లో కార్లు నడపడం నేర్పిస్తుంది. ఎవరు ఎప్పుడు తడబడతారో ముందే కనిపెట్టడం ఆమె వృత్తి. తండ్రిని నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. మందులు వేసుకుంటే వణుకు కొంత తగ్గింది గానీ కత్తెర బావమరిది చేతికి వెళ్లింది. మాస్టారు కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని వంకలు చెప్పే పని మాత్రం ఉంచుకున్నారు.

కొన్నాళ్లకు ఆ పనీ కష్టమైంది. గొంతు సన్నబడింది. ముఖంలో కదలిక తగ్గి, కోపమొచ్చినా విసుగొచ్చినా ఒకే ముఖం. తల కాస్త ముందుకు వాలింది. పెదవులు కొంచెం విడివడి, నోటి చివర నుంచి చొంగ కారడం మొదలైంది.

అది మొదట కంటపడింది భార్యకే. వేడివేడి ఆలుగడ్డ కూర గిన్నె ఆయన ముందు పెట్టింది. ఆయన కూర వంక చూస్తూ కూర్చున్నారు. పెదవి చివర ఒక బొట్టు మెరిసింది, గడ్డం దాకా జారింది, కంచంలో టప్‌మని పడింది. ఆమె గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వంటగదిలోకి వెళ్లి కూతురికి ఫోన్ చేసింది.

"మీ నాన్నకి నా కూర చూసి నోరూరిందే!"

"ఏమన్నాడు?"

"ఉప్పు తక్కువన్నారు. అనేదానికేం, నోరు అబద్ధమాడుతుంది. చొంగ ఎందుకాడుతుంది?"

ఆ వారమంతా ఆ ఇంట్లో ఆలుగడ్డ కూరే. రోజూ ఉప్పు తక్కువే. రోజూ బొట్టు పడుతూనే ఉంది. ఆమె మాత్రం అద్దం ముందు నిలబడి ఎన్నడూ లేనిది కూనిరాగం తీసింది.

తర్వాతి వంతు కింద బేకరీ ఆయనది. పొట్టిగా, గుండ్రంగా, ఎప్పుడూ పిండి అంటిన కనుబొమ్మలతో ఉంటాడు. కొత్త రకం కేకు చేసినప్పుడల్లా పైకి తెచ్చి మాస్టారికి చూపిస్తాడు, చీవాట్లు తింటాడు, మళ్లీ తెస్తాడు. ఆ రోజు క్రీము కేకు తెచ్చి స్టూలు మీద పెట్టాడు. స్టూలు పొట్టిది. మాస్టారు తల వంచి చూశారు. బొట్టు పడింది.

బేకరీ ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "మాస్టారూ! ఇన్నేళ్లకి!"

మాస్టారు సిగ్గుతో చచ్చిపోయారు. జీవితంలో ఒక్క చొక్కా మీద కూడా మరక పడనివ్వని మనిషి. జేబురుమాలుతో గబగబా తుడుచుకోబోయారు గానీ చెయ్యి గబగబా కదలలేదు. "ఇది జబ్బు" అన్నారు, గొంతు పెగల్చుకుని.

"ఏమన్నారు?" బేకరీ ఆయన చెవి దగ్గర పెట్టాడు.

"జబ్బు."

"'అబ్బ' అంటున్నారు!" అని బేకరీ ఆయన మెట్లు దిగుతూ బజారంతా వినపడేలా అరిచాడు. "వంకల మాస్టారు నా కేకు చూసి 'అబ్బ' అన్నారు! చొంగ కూడా కార్చారు!"

వేరే ఎవరి గురించైనా అయితే నవ్వి ఊరుకునేవాళ్లు. వంకల మాస్టారు చొంగ కార్చారంటే మాటలా? మర్నాటి నుంచి మెట్ల మీద జనం బారులు తీరారు. గుడ్డలు కుట్టించుకోవడానికి కాదు. వీధి చివర లాయరమ్మ కొత్త కుర్చీ మోయించుకుని వచ్చింది. చెప్పుల కొట్టువాడు జోడు తెచ్చాడు. ఒకాయన కుక్కపిల్లను తెచ్చి నేల మీద వదిలాడు. అన్నిటికీ బొట్టు పడింది. కుక్కపిల్లకు ధారే కట్టింది. మాస్టారు ప్రతిసారీ "జబ్బు, జబ్బు" అంటూనే ఉన్నారు. వచ్చినవాళ్లు "అబ్బ అబ్బ అని రెండుసార్లన్నారు" అని చెప్పుకుంటూ వెళ్లారు.

"బావా, నువ్వు రుమాలు దాచుకో" అని బావమరిది చెవిలో అన్నాడు. "నీ పుణ్యాన జనం వస్తున్నారు. ఎన్నాళ్లకి మన మెట్లు ఇలా అరిగాయి!"

దీపాల కొట్టాయన ఒక్కడికే అన్యాయం జరిగింది. అద్దాల పూసలు వేలాడే పెద్ద దీపం తెచ్చి దూలానికి కట్టి వెలిగించాడు. మాస్టారు తలెత్తి చూశారు. చాలాసేపు చూశారు. గడ్డం పొడిగానే ఉంది. దీపాల కొట్టాయన రెండు చేతులతో తల పట్టుకున్నాడు. మర్నాడు ఇంకో దీపం తెచ్చాడు. అదీ అంతే.

కర్రసామాన్ల కొట్టు అన్నదమ్ములకు ఎప్పటినుంచో పడదు. ఎవరి బల్ల గొప్పదో తేల్చమని ఇద్దరూ చెరో బల్లా మోసుకొచ్చారు. అన్నగారిది ఎత్తు బల్ల, తమ్ముడిది పొట్టి బల్ల. తమ్ముడు గెలిచాడు. అన్న ఇంటికెళ్లి తన బల్ల కాళ్లు కోసుకొచ్చాడు. అప్పుడు అన్న గెలిచాడు. తమ్ముడు మళ్లీ కోశాడు. అలా పోటీపడి కోసుకుంటూ పోతే, చివరికి రెండు బల్లలూ పీటలకన్నా కిందికి దిగాయి. అసలు కిటుకు ఎత్తులో ఉందని బజారుకు ఎలాగో తెలిసిపోయింది, ఎందుకో మాత్రం తెలియలేదు. పొట్టి సామాను గొప్పదన్నారు. కొట్లలో గల్లాబల్లలు దించారు. దీపాల కొట్టాయన దీపాలను ఎంత కిందికి వేలాడదీశాడంటే, లోపలికి వెళ్లినవాళ్లు నుదుటి మీద బొప్పితో బయటికొచ్చేవాళ్లు. వీధంతా నడుం నొప్పితో మూలుగుతూ గొప్ప సామాను వాడుకుంటోంది.

ఇంతలో బేకరీ ఆయన పక్క వీధిలో ఇంకో కొట్టు తెరుస్తూ మాస్టారిని ముఖ్య అతిథిగా పిలిచాడు. ఎక్కడికీ రానని భీష్మించుకున్న మాస్టారు ఆ మాటకు తల ఊపేసరికి ఇంట్లో అందరూ నోరెళ్లబెట్టారు. ఆయన లెక్క వేరు. అక్కడ మైకు ఉంటుంది. మైకులో చెబితే వినపడుతుంది.

గాజు తలుపుల ముందు జనం కిక్కిరిశారు. మాస్టారికి మైకు ఇచ్చారు. ఆయన రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, ఊపిరి కూడదీసుకుని, "ఇది జబ్బు" అన్నారు. ఈసారి ప్రతి అక్షరం వీధి మలుపు దాకా వినపడింది. "కేకు చూసి కాదు. ఇది జబ్బు."

జనం గప్‌చుప్ అయిపోయారు. బేకరీ ఆయన మైకు అందుకున్నాడు.

"విన్నారుగా! నా కేకంటే మాస్టారికి ఇష్టం కాదట, జబ్బట! పిచ్చి కాదు, వ్యసనం కాదు, జబ్బే!"

చప్పట్లు మోగిపోయాయి. వెనక నిలబడ్డ కూతురు ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. తండ్రి చొక్కా ముందుభాగమంతా తడిసి ఒంటికి అంటుకుపోవడం ఆమె చూసింది. ముఖంలో ఏ కదలికా లేదు గానీ, ఆ కళ్లు మాత్రం ఎవరైనా వచ్చి తీసుకెళ్తారా అన్నట్టు జనంలో వెతుకుతున్నాయి. ఆమె వెళ్లి చెయ్యి పట్టుకుంది. "పద నాన్నా."

రెండు రోజుల్లోనే ఆసుపత్రికి తీసుకెళ్లింది. తల్లి కూడా వచ్చింది. నరాల డాక్టరు చూసి, మాటనీ మింగడాన్నీ సరిచేసే స్పీచ్ థెరపిస్టు దగ్గరికి పంపాడు. చిన్న వయసు అమ్మాయి. మాస్టారికి నీళ్లిచ్చి ఎలా మింగుతున్నారో చూసింది. తర్వాత అద్దం చేతికిచ్చి, "తల వంచండి" అంది. బొట్టు పడింది. "గడ్డం పైకెత్తండి, పెదవులు కలపండి, ఇప్పుడు మింగండి" అంది. ఏమీ పడలేదు.

"మనందరికీ రోజంతా నోట్లో నీరు ఊరుతూనే ఉంటుంది. తెలియకుండానే మింగేస్తుంటాం" అని వివరించింది. "ఈ జబ్బులో అలా తెలియకుండా జరిగిపోయే పనులన్నీ నెమ్మదిస్తాయి. రెప్ప వేయడం, నడుస్తూ చేతులూపడం, గుటక వేయడం. ఈయనకి నీరు ఎక్కువ ఊరట్లేదు. మింగడం తగ్గింది. తల వాలితే బయటికొచ్చేస్తుంది."

"అందుకే దీపాలకి రాలేదు" అంది కూతురు.

"ఏ దీపాలు?"

"అదో పెద్ద కథలెండి."

మాస్టారి భార్య ఒళ్లోని సంచిని గట్టిగా పట్టుకుంది. "అంటే అమ్మా... కూర చూసి కాదా?"

"మంచి కూర కనబడితే ఎవరికైనా కాస్త ఎక్కువ ఊరుతుందండీ. కానీ కారడం మాత్రం మింగకపోవడం వల్లే."

"ఆ కాస్త అంటే ఎంత?"

థెరపిస్టు నవ్వి బల్ల సొరుగు తెరిచింది. గుటక గుర్తుచేయడానికి చిన్న గడియారం లాంటిది ఇచ్చింది. అది బీప్‌మన్నప్పుడల్లా గడ్డం ఎత్తి మింగాలి. దాంతో సరిపోకపోతే లాలాజల గ్రంథుల్లోకి ఇంజెక్షన్ ఉందని, కొన్ని నెలలు పనిచేస్తుందని, అది డాక్టరుగారు చూసి చెబుతారని అంది.

తిరిగి వచ్చింది డ్రైవింగ్ స్కూలు కారులో. అందులో నేర్పేవాళ్ల సీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. కూతురు కారు నడుపుతోంది, తల్లి ఆ సీట్లో కూర్చుంది, మాస్టారు వెనక. ఉన్నట్టుండి తల్లి, "ఇన్నాళ్లూ నా కూరకనుకున్నాను" అంటూ కాలు నేలకేసి తన్నింది. నడిరోడ్డు మీద కారు కీచుమని ఆగిపోయింది.

"అమ్మా! బ్రేకు మీంచి కాలు తియ్!"

"తీయను. వారం రోజులు ఆలుగడ్డలు తరిగాను. వేలు కూడా తెగింది. ఒక్కసారైనా చెప్పచ్చుగా ఈ మనిషి!"

"చెప్పాడుగా, జబ్బని!"

"నాకూ 'అబ్బ' అనే వినపడిందే!"

వెనక నుంచి హారన్లు మోగుతున్నాయి. లారీ డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి ఏదో అంటున్నాడు. వెనక సీట్లో బీప్‌మని చప్పుడైంది. మాస్టారు గడ్డం ఎత్తి, పెదవులు కలిపి గుటక వేశారు. ముందుకు వంగి భార్య భుజం మీద చెయ్యి వేశారు.

"మొన్నటి కూరకి ఊరింది" అన్నారు.

ఆమె వెనక్కి తిరగలేదు. "మీకెలా తెలుసు? జబ్బుదేమో."

"కారింది జబ్బుది." ఆయన ఊపిరి తీసుకున్నారు. "మింగింది నీ కూరది."

హారన్లు ఆగలేదు. ఆమె మెల్లగా బ్రేకు మీంచి కాలు తీసింది. "మరి ఉప్పు తక్కువన్నారే" అంది.

"తక్కువే."

కూతురు గేరు మార్చింది.

గడియారం కొన్ని వారాలు నడిచింది. అది మోగినప్పుడల్లా మాస్టారు గుటక వేసేవారు. ఆయనతో పాటు బావమరిది వేసేవాడు, కొలతలకొచ్చినవాళ్లు వేసేవాళ్లు. సూదికి దారం ఎక్కిస్తున్న బావమరిదికి గుటక పడితే దారం తప్పేది. "బావా, దాని నోరు నొక్కెయ్, నా కడుపు గాలితో నిండిపోతోంది" అని మొత్తుకునేవాడు. కారడం తగ్గింది గానీ పూర్తిగా ఆగలేదు. చివరికి డాక్టరు ఇంజెక్షన్ చేశాడు. కొద్ది రోజుల్లో గడ్డం ఆరింది. నోరు కాస్త పొడిగా ఉండి, మాటిమాటికీ గుక్కెడు నీళ్లు తాగాల్సి వచ్చేది. అయితేనేం, చొక్కా పొడిగా ఉంది. నీరు అడ్డం లేకపోవడంతో మాట కూడా కొంచెం తేటపడింది.

బజారు మాత్రం భగ్గుమంది.

బేకరీ ఆయన తన జన్మలోకెల్లా గొప్ప కేకు చేసి తెచ్చాడు. నేల మీదే పెట్టాడు. మాస్టారు వంగి చూశారు. పొడి. బేకరీ ఆయన కేకును కొంచెం పక్కకు జరిపాడు. పొడి. "నేనేం తప్పు చేశాను మాస్టారూ?" అని మెట్ల మీద కూలబడ్డాడు. మాస్టారికి గర్వం తలకెక్కిందని చెప్పుల కొట్టువాడన్నాడు. పెద్ద డాక్టర్లతో తిరుగుతున్నాడు, మన సామాను ఇక కంటికి ఆనదులే అని ఇంకొకరన్నారు. సాయంత్రానికి అందరూ కలిసి మేడెక్కారు. ముందు లాయరమ్మ.

"మాస్టారూ, అప్పుడు నా కుర్చీకి కారింది, ఇప్పుడు కారలేదు. కుర్చీ అదే. కారణం చెప్పాలి" అంది, కోర్టులో నిలదీసినట్టు.

మాస్టారు ఒక గుక్క నీళ్లు తాగారు. గడ్డం ఎత్తారు. జబ్బు పేరు చెప్పారు. తల వాలడం, గుటక తగ్గడం, అంతా నిదానంగా, అందరికీ వినపడేలా చెప్పారు. ఎవరూ "అబ్బ" అనలేదు.

"అయితే నా కుర్చీ?" అంది లాయరమ్మ చిన్నబోయి.

"కుర్చీ పొట్టిది. అంతే."

"మా బల్లలు?" అన్నారు అన్నదమ్ములు, చాలా ఏళ్ల తర్వాత ఒకే గొంతుతో.

"కాళ్లు ఎందుకు కోశారయ్యా? మొదట బానే ఉండేవి."

అన్నదమ్ములు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కోసిన కాళ్లు ఇంకా కొట్టు వెనక పడి ఉన్నాయేమోనని ఇద్దరూ ఒకేసారి లేచి పరుగెత్తారు. మిగతావాళ్లు మెల్లగా, నడుములు పట్టుకుని దిగిపోయారు. బేకరీ ఆయన ఒక్కడే చివరిదాకా కూర్చున్నాడు. "మాస్టారూ, నొప్పేమైనా ఉంటుందా?" అని అడిగాడు. లేదన్నారు. "సిగ్గేస్తుంది" అన్నారు. బేకరీ ఆయన తల ఊపి, పిండి చేతులు ప్యాంటుకు తుడుచుకుని, మంచినీళ్ల చెంబు ఆయన చేతికి దగ్గరగా జరిపి వెళ్లాడు.

ఇంజెక్షన్ బలం కొన్ని నెలలకు తగ్గేది, మళ్లీ చేయించుకునేవారు. ఆ మధ్య రోజుల కోసం మాస్టారు మెడగుడ్డ ఒకటి కోయించారు. పైన చొక్కా గుడ్డ, లోపల తువ్వాలు గుడ్డ, కాలరులా మడిచి పెట్టుకునేది. మొదటిది ఆయనకు నచ్చలేదు, విప్పించారు. రెండోదీ విప్పించారు. మూడోది వేసుకుని ఆసుపత్రికి వెళ్తే, ఎక్కడ కొన్నారని ఇద్దరు ముగ్గురు అడిగారు. ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్లేటప్పుడల్లా సంచిలో కొన్ని పెట్టుకుని వెళ్లడం అలవాటైంది. అడిగినవాళ్ల మెడ కంటితో కొలిచి ఇచ్చేవారు.

ఒక రోజు ఆసుపత్రి వరండాలో ఎదురు బెంచీ మీద రిటైరైన బస్సు డ్రైవరు, ఆయన భార్య కూర్చున్నారు. ఆయనకూ అదే జబ్బు, గడ్డం మీద అదే తడి. భార్య మాత్రం మధ్యలో చేతిసంచి పెట్టుకుని ముఖం అటు తిప్పుకుంది.

"మాట్లాడుకోవట్లేదా అమ్మా?" అని మాస్టారి భార్య అడిగింది.

"ఏం మాట్లాడను? పక్కింటావిడ ముగ్గు వేయడానికి వాకిలి కడుగుతుంటే, ఈ మనిషి మెట్ల మీద కూర్చుని చొంగ కారుస్తున్నాడు. ఈ వయసులో! ఆవిడ మొగుడు కూడా చూశాడు."

బస్సు డ్రైవరు ఏదో గొణిగాడు. ఇంకెవరికీ వినపడలేదు. మాస్టారి భార్యకు మాత్రం వినపడింది.

"జబ్బంటున్నారు" అంది ఆమె. "అబ్బ అని కాదు. నేనూ మొదట్లో అలాగే పొరబడ్డాను." తర్వాత థెరపిస్టు చెప్పిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది. డ్రైవరు భార్య నమ్మలేదు. "ఆవిడని చూస్తే ఎందుకు కారాలి?" అంది.

"ఆవిడ కింద ఉందా, మీవారు మెట్ల మీద ఉన్నారా?"

"అవును."

"అయితే పైకి చూడమనండి. ఆ ఫ్యాను వంక."

డ్రైవరు తలెత్తాడు. పెదవులు కలిపి మింగాడు. వాళ్ల మాటలు వింటున్న ఇద్దరు రోగులు కూడా తలలెత్తారు. వాళ్లకు తోడొచ్చినవాళ్లూ ఎందుకైనా మంచిదని తలెత్తారు. మాస్టారు సరేసరి. గదిలోంచి బయటికొచ్చిన థెరపిస్టు, వరండా అంతా గడ్డాలెత్తుకుని ఫ్యాను వంక చూస్తుండటం చూసి, తనూ ఒకసారి పైకి చూసింది.

డ్రైవరు భార్య మొగుడి గడ్డాన్ని అరచేత్తో తడిమి చూసింది. మళ్లీ తడిమింది. మధ్యలో ఉన్న చేతిసంచి తీసి కింద పెట్టింది.

"ఏమయ్యా," అంది, "టీ తాగుతావా?"